శరణాగత ధర్మమూ ఆశ్రయ గృహమూ

ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ గడప దాటి బయటికి వచ్చినప్పుడు మూడు ధర్మసందేహాలు ఒక్కసారే తలెత్తుతాయి. ఆమె ఇల్లు విడవడం ధర్మమేనా అన్నది మొదటిది. ఆమెకు చోటు ఇవ్వవలసింది ఎవరన్నది రెండోది. చోటు ఇచ్చినవారు బదులుగా ఆమె నుంచి ఏమైనా కోరవచ్చా, కోరితే ఎంతవరకు అన్నది మూడోది. మొదటి ప్రశ్న మీద వాదోపవాదాలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. రెండోదాన్ని చట్టాలు, సంక్షేమ పథకాలు కొంతవరకు తేల్చాయి. మూడోది పెద్దగా చర్చకు రాదు. ఆశ్రయ గృహం నిజంగా ఆశ్రయమవుతుందా, మరో బందిఖానా అవుతుందా అన్నది మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

భారతీయ సంప్రదాయంలో ఈ ప్రశ్నలన్నిటికీ మూలమైన భావన శరణాగత రక్షణ. భయపడి వచ్చినవారిని కాపాడటం రాజుకూ గృహస్థుకూ కూడా విధి అని ఇతిహాసాలు పదేపదే చెబుతాయి. అయితే ఆ కథల్లో శరణు కోరేవారు ఎక్కువగా బయటి శత్రువుకు భయపడి వస్తారు. భయం ఇంట్లోనే పుట్టినప్పుడు, తరిమేవాడు భర్తే అయినప్పుడు ఆ ధర్మం ఎలా వర్తిస్తుందో విడిగా ఆలోచించవలసి ఉంటుంది.

విభీషణుడు, శిబి: శరణు ఇచ్చేవారి విధి

శరణాగతి మీద అత్యంత విస్తారమైన చర్చ రామాయణం యుద్ధకాండలో ఉంది. రావణుడి సభలో అవమానపడిన విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటి రాముడి విడిదికి వస్తాడు. శత్రువు తమ్ముణ్ని నమ్మరాదని, పట్టి చంపాలని సుగ్రీవుడు అంటాడు. ముందు పరీక్షించాలని అంగదుడు, గూఢచారిని పంపి ఆరా తీయాలని శరభుడు సలహా ఇస్తారు. వేళగాని వేళ వచ్చాడని జాంబవంతుడు శంకిస్తాడు. మాటతీరులో, ముఖంలో కపటం కనబడటం లేదని, చేర్చుకోవచ్చని చెప్పింది హనుమంతుడు. రాముడు అందరి మాటా విని తీసుకున్న నిర్ణయానికి మాత్రం ఆధారం వేరు. విభీషణుడు మంచివాడో కాదో తేలడానికి ముందే, శరణు కోరాడు కాబట్టి అతణ్ని చేర్చుకోవాలంటాడు. తన భార్యను పట్టుకున్న వేటగాడికి సైతం ఆతిథ్యమిచ్చిన పావురం కథను, కండు మహర్షి చెప్పిన ధర్మాన్ని గుర్తుచేసి, వచ్చినవాడు రావణుడే అయినా అభయమిస్తానంటాడు.

ఈ ఘట్టం నుంచి రెండు నియమాలు తేలుతాయి. శరణు ఇవ్వడం ఇచ్చేవారి ధర్మం, పుచ్చుకునేవారి యోగ్యతకు బహుమతి కాదు. విచారణ ఉంటే అది అభయం తరవాత ఉండాలి, అభయానికి షరతుగా ఉండకూడదు. గృహహింస విషయంలో ఈ వరుస తలకిందులు కావడం సాధారణం. ఏం తప్పు చేస్తే కొట్టాడు, ఎదురు మాట్లాడావా, వంట చెడగొట్టావా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాకే తలుపు తెరుచుకుంటుంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇలాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదైనా ఒకదానికి భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగింది. తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం స్త్రీలు సబబే అన్నారు. దెబ్బకు కారణం వెదికే అలవాటు కొట్టేవారిలోనే కాక, స్త్రీలలోనూ ఎంత లోతుగా పాతుకుందో ఆ అంకెలు చెబుతాయి.

తెలుగువారికి విభీషణుడి కథ ఒక సామెతను కూడా ఇచ్చింది: ఇంటి గుట్టు లంకకు చేటు. దెబ్బల సంగతి పుట్టింట్లో చెప్పబోయే కూతురికి, పోలీసు స్టేషన్ మెట్లెక్కబోయే కోడలికి ఈ సామెతను గుర్తుచేసేవారు నేటికీ ఉన్నారు. గుట్టు దాచి ఉంటే లంక నిలిచేదన్న ధ్వని అందులో ఉంది. రామాయణం కథను అలా నడపలేదు. సీతను చెరబట్టడం, ఆమెను తిరిగి అప్పగించమన్న తమ్ముడి హితవును నిండు సభలో తూలనాడటం లంకకు చేటు తెచ్చాయి. ఆ చేటు విభీషణుడు సముద్రం దాటకముందే మొదలైంది.

శిబి చక్రవర్తి కథ ఇంకో చిక్కును ముందుకు తెస్తుంది. డేగకు భయపడిన పావురం శిబి ఒడిలో వాలుతుంది. వెంట వచ్చిన డేగ చేసే వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు: పావురం తనకు సృష్టి ఏర్పరచిన ఆహారం, దాన్ని అడ్డుకుంటే తనతోపాటు తన పిల్లలూ ఆకలితో చస్తారు, ఒక ధర్మాన్ని నిలపడానికి మరో ధర్మాన్ని చెరచడం ధర్మం కాదు. ఆశ్రయ గృహం గేటు దగ్గరికి వచ్చే భర్త, అత్తమామలు చేసే వాదనా ఇదే తీరులో ఉంటుంది. తన భార్య, తన ఇంటి మనిషి, మధ్యలో మీరెవరని అతను అడుగుతాడు. పిల్లలకు ఇంత వండిపెట్టే దిక్కు లేదని అత్తగారు అంటుంది. శిబి డేగ ఆకలిని కాదనలేదు. ఆ ఆకలి తీరడానికి పావురాన్నే ఇవ్వాలన్న షరతును మాత్రం ఒప్పుకోలేదు. తూకానికి సరిపడా తన ఒంటి మాంసం కోసి ఇచ్చాడు. ఆశ్రయమిచ్చేవారికి ఖర్చు తప్పదు, దాన్ని శరణు కోరినవారి మీదికి నెట్టకూడదు అన్నది ఈ కథ పెట్టిన నియమం.

విరాటుడి కొలువు: శరణు విఫలమైన చోటు

శరణు నిలిచిన కథల కంటే విఫలమైన కథ గృహహింసకు దగ్గరగా ఉంటుంది. అది మహాభారతం విరాటపర్వంలో ఉంది. తిక్కన తన భారత రచనకు ఎత్తుకున్న మొదటి పర్వమిది, వానలు పడాలని తెలుగు పల్లెల్లో చదివించుకున్న పర్వం కూడా ఇదే. అజ్ఞాతవాసంలో ద్రౌపది సైరంధ్రి పేరుతో విరాటుడి రాణి సుదేష్ణ పంచన చేరుతుంది. ఎంగిలి తిననని, కాళ్లు కడగనని ముందే చెప్పి, ఒప్పుకున్నాకే కొలువులో ప్రవేశిస్తుంది. రాణి తమ్ముడు, రాజ్యానికి సేనాపతి అయిన కీచకుడు ఆమె వెంట పడతాడు. అతడి కోరిక తెలిసి కూడా సుదేష్ణ కల్లు తెమ్మన్న నెపంతో ఆమెను అతడి ఇంటికే పంపుతుంది. తప్పించుకుని రాజసభలోకి పరుగెత్తిన ద్రౌపదిని కీచకుడు అందరూ చూస్తుండగా కాలితో తంతాడు.

ఆమె రాజును నిలదీస్తుంది. విరాటుడి సమాధానం ఈనాటి ఏ పంచాయితీలోనైనా వినబడేదే: తన కళ్లెదుట కాక చాటున మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో తనకు తెలియదు, అసలు సంగతి తెలియకుండా తీర్పు ఎలా చెప్పగలనంటాడు. తన్నడం మాత్రం అతడి కళ్లెదుటే జరిగింది. కంకుడి వేషంలో అక్కడే కూర్చున్న ధర్మరాజు ఆమెను లోపలికి పొమ్మంటాడు. వేళ తెలియకుండా నటకత్తెలా ఏడుస్తూ సభలో జూదానికి అడ్డు వస్తున్నావని మందలిస్తాడు. గుట్టు బయటపడితే అజ్ఞాతవాసం భగ్నమవుతుందన్న భయం అతడికి ఉంది. అయినా ఆ మాటల భారం మోసింది ద్రౌపదే.

ఈ ఒక్క ఘట్టంలో మూడు వైఫల్యాలున్నాయి. ఆశ్రయం ఇచ్చినావిడ బంధుప్రీతి కొద్దీ ఆమెను మళ్లీ హింసించేవాడి దగ్గరికే పంపింది. రాజ్యాధికారం ఉన్నవాడు దాన్ని ఇద్దరి మధ్య గొడవగా చూసి చేతులు దులుపుకున్నాడు. సొంత మనిషి పరువు కోసం నోరు మూసుకోమన్నాడు. సేవా వ్యవస్థ, ప్రభుత్వం, కుటుంబం ఈనాడు విఫలమయ్యేదీ ఈ మూడు తీరుల్లోనే. చివరికి ద్రౌపదికి దక్కింది చీకట్లో భీముడు చేసిన ప్రతీకారం. న్యాయం చెప్పవలసిన సభ తప్పుకుంటే బలం ఉన్న బంధువు మీదే ఆధారపడవలసి వస్తుంది. అలాంటి బంధువు లేని స్త్రీకి దారి ఏదన్న ప్రశ్నకు ఆ కథలో సమాధానం లేదు.

ఇల్లు విడవడం ధర్మమేనా

ఈ ప్రశ్నకు శాస్త్రాలు ఒకే గొంతుతో జవాబు చెప్పవు. స్త్రీ బాల్యంలో తండ్రికి, యౌవనంలో భర్తకు, ఆ తరవాత కొడుకులకు లోబడి ఉండాలని మనుస్మృతి విధించింది. స్త్రీలు పూజలందుకునే చోట దేవతలు సంతోషిస్తారని అదే గ్రంథం మూడో అధ్యాయంలో అంటుంది. తప్పు చేసిన భార్యను, కొడుకును, దాసుణ్ని తాడుతోనో వెదురు బద్దతోనో వీపు మీద కొట్టవచ్చని ఎనిమిదో అధ్యాయం అనుమతిస్తుంది. తల మీద కొట్టరాదన్న నిషేధం దెబ్బకు హద్దు పెట్టిందే తప్ప దెబ్బను తప్పు అనలేదు. ఈ మాటను దాచిపెట్టి గౌరవం గురించిన శ్లోకాన్ని మాత్రమే చదవడం నిజాయితీ అనిపించుకోదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇదే ప్రశ్నను వ్యవహార దృష్టితో చూసింది. భర్త ఇల్లు విడిచి వెళ్లిన స్త్రీకి ఆరు పణాల జరిమానా విధిస్తూనే, భర్త పెట్టే బాధల వల్ల వెళితే ఆ జరిమానా వర్తించదన్నది. అంతటితో ఆగకుండా ఆమె ఎవరి ఇంటికి వెళ్లవచ్చో జాబితా ఇచ్చింది: భర్త బంధువులు, గ్రామాధికారి, సంరక్షకుడు, భిక్షుకి, తన సొంత బంధువులు. మగవాళ్లు లేని ఇల్లయితేనే దోషం లేదని పూర్వాచార్యులు అన్నారట. బంధువుల ఇంట్లో మగవాళ్లున్నా తప్పు లేదని కౌటిల్యుడు వారితో విభేదించాడు. ఆ ఆడమనిషిని అనుమానించాల్సిన పనిలేదని, నిజం తెలుసుకోవడం కష్టం కాదని అతడి భావం. అదే గ్రంథం భార్యను దండించే హక్కును పూర్తిగా తొలగించలేదు, స్త్రీ కదలికల మీద ఎన్నో ఆంక్షలు పెట్టింది. అయినా హింస వల్ల ఇల్లు విడవడం నేరం కాదని, వెళ్లడానికి గుర్తింపు పొందిన చోట్లు ఉండాలని ఆ కాలానికే ఒక ఆలోచన ఉందనడానికి ఇది సాక్ష్యం.

ఓర్చుకోవడమే పాతివ్రత్యమన్న వాదానికి మహాభారతం వనపర్వంలోని ద్రౌపది ధర్మరాజుల సంవాదం మంచి జవాబు. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాటలను ద్రౌపది అక్కడ ఎత్తి చూపుతుంది. ఎప్పుడూ క్షమించేవాణ్ని సేవకులు సైతం లెక్కచేయరు, ఎప్పుడూ కోపించేవాడు అందరికీ దూరమవుతాడు, కాబట్టి క్షమకూ తేజస్సుకూ వేళలు తెలియాలి. క్షమ బలవంతుడు చూపితే గుణమవుతుంది. వేరే దారి లేక భరించడాన్ని క్షమ అని పిలిస్తే ఆ గుణానికే విలువ తగ్గుతుంది.

పూర్వజన్మ కర్మ అన్న మాట కూడా ఇలాంటి చోట్ల తరచూ వినబడుతుంది. కష్టంలో ఉన్న మనిషి తనకు తాను ఆ మాట చెప్పుకుని గుండె చిక్కబట్టుకోవచ్చు. పక్కింట్లో అరుపులు విన్న మనిషి ఆ మాట అంటే తన కర్తవ్యాన్ని తప్పించుకోవడమే అవుతుంది. కర్మ సిద్ధాంతం ప్రకారమే చూసినా, విని ఊరుకోవడం కూడా ఫలితం అనుభవించవలసిన కర్మే.

ఇతర సంప్రదాయాల దారులు

బౌద్ధ భిక్షుణీ సంఘం ప్రాచీన భారతంలో స్త్రీలకు ఇంటి బయట దొరికిన మొదటి వ్యవస్థాగతమైన చోట్లలో ఒకటి. భిక్షుణుల పద్యాల సంకలనమైన థేరీగాథలో ముత్త అనే ఆమె రోలు, రోకలి, గూని భర్తల నుంచి విడుదలైనందుకు సంతోషం చెప్పుకుంటుంది. ఇసిదాసి ఎంత సేవ చేసినా భర్తలు ఒకరి తరవాత ఒకరు వదిలేయగా సంఘంలో చేరుతుంది. అయితే సంఘ నడవడికను నిర్దేశించే వినయ నియమాల ప్రకారం భిక్షుణి కావడానికి తల్లిదండ్రుల లేదా భర్త అనుమతి కావాలి. హింసించే భర్త నుంచి పారిపోయే స్త్రీకి అతడి అనుమతే అడ్డంకి. పైగా ఆ ఆశ్రయానికి మూల్యం సన్యాసం. సంసారంలోనే ఉంటూ భయం లేకుండా బతకాలనుకునే స్త్రీకి అది చోటు కాలేదు.

ఇస్లాంలో ఖుర్ఆన్ 58వ అధ్యాయం భర్త మీద ఫిర్యాదుతో ప్రవక్త దగ్గరికి వచ్చిన స్త్రీ మొర అల్లాహ్ విన్నాడన్న మాటతో మొదలవుతుంది. ఆమె ఖౌలా బింత్ సఅలబా అని వ్యాఖ్యాతలు చెబుతారు. సాబిత్ ఇబ్న్ ఖైస్ భార్య మహరుగా పుచ్చుకున్న తోటను తిరిగి ఇచ్చి విడిపోయిన సంఘటన ఖులాకు, అంటే భార్య కోరి తీసుకునే విడాకులకు, ఆధారం. ఒక కథనం ప్రకారం భర్త కొట్టగా ఆమె తెల్లవారేసరికి ప్రవక్త గడపలో నిలబడింది. భార్యను దండించడం గురించిన నాలుగో అధ్యాయం 34వ వాక్యానికి అర్థం ఏమిటన్న చర్చ ముస్లిం పండితుల్లో ఇప్పటికీ సాగుతోంది. భార్య నోరు విప్పి మొరపెట్టుకోవడం తప్పు కాదన్నది మాత్రం ఈ సంఘటనలు స్పష్టంగా చెప్పే సంగతి.

ఆధునిక భారతంలో మతానికీ ఆశ్రయానికీ ఉన్న చిక్కును పండిత రమాబాయి జీవితం బయటపెట్టింది. ఆమె 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ ప్రారంభించి, తరవాత పుణెకు మార్చింది. సంస్కృత పండితురాలైన రమాబాయి అప్పటికే క్రైస్తవం స్వీకరించింది. సదన్‌లోని హిందూ వితంతువులు ఆమె ప్రార్థనలకు ఆకర్షితులవుతున్నారన్న ఆరోపణతో 1893లో పెద్ద దుమారం లేచి, సలహా సంఘంలోని హిందూ ప్రముఖులు తప్పుకున్నారు. పలువురు తమ ఆడపిల్లలను వెనక్కి తీసుకుపోయారు. బలవంతం ఏమీ లేదని ఆమె వాదించింది. ఎవరి మాట సరైనదైనా, ఆ వివాదం ఒక ప్రశ్నను శాశ్వతంగా నిలబెట్టింది. తలదాచుకోవడానికి చోటు లేని మనిషి విశ్వాసం విషయంలో చేసే ఎంపికను స్వేచ్ఛగా చేసిన ఎంపిక అనవచ్చా? కృతజ్ఞత కూడా ఒక ఒత్తిడే కావచ్చునన్న ఎరుక ఆశ్రయమిచ్చే ప్రతి మత సంస్థకూ అవసరం.

తెలుగు నేల మీద

తెలుగు ప్రాంతంలో స్త్రీలకు ఆశ్రయమన్న ఆలోచన వితంతు సమస్యతో మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. శాస్త్ర ప్రమాణం కోసం పరాశర స్మృతిని ఆధారం చేసుకున్నా, పోరాటం శాస్త్రచర్చ దగ్గర ఆగలేదు. వెలి భయంతో ఆయన ఇంట్లో వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి, ఇంట్లో తలదాచుకున్న ఆడపిల్లలకు తానే వండిపెట్టారు. శిబి కథలో ఒంటి మాంసంగా చెప్పిన ఖర్చు నిజజీవితంలో ఇలా నీళ్ల బిందెగా, పొయ్యి దగ్గరి పొగగా ఉంటుంది. సంస్కరణ చరిత్రల్లో ఉపన్యాసాలకు దొరికినంత చోటు ఈ పనికి దొరకలేదు. ఈ పని లేకుండా ఆ సంస్కరణ ఒక్క వారం కూడా నిలిచేది కాదు.

తరవాతి తరంలో గుంటూరు శారదా నికేతన్ ద్వారా ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్త్రీలకు చదువుతో కూడిన ఆశ్రయం కల్పించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైన ఆమె, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు ప్రవేశపెట్టారు. ఆశ్రయం అంటే అన్నం, పడక మాత్రమే కాదని, బయటికి వెళ్లి నిలదొక్కుకునే చదువు, పని కూడా అందులో భాగమని ఈ సంస్థలు చూపించాయి. వితంతువు స్థానంలో హింసకు గురైన భార్యను నిలబెట్టడానికి మాత్రం మరికొన్ని దశాబ్దాలు పట్టింది. భర్త పోయిన స్త్రీ మీద జాలి చూపినంత సులువుగా, భర్తను వదిలి వచ్చిన స్త్రీ మీద సమాజం జాలి చూపదు.

ఈనాటి ఏర్పాట్లు

2005లో వచ్చిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. శారీరక హింసతోపాటు లైంగిక, మానసిక, ఆర్థిక హింసను కూడా అది గృహహింసగా నిర్వచించింది. బాధితురాలు గానీ, ఆమె తరఫున ఈ చట్టం కింద నియమించిన రక్షణాధికారి లేదా సేవా సంస్థ గానీ కోరితే ఆశ్రయ గృహం నిర్వాహకులు చోటు ఇచ్చి తీరాలని ఆరో సెక్షన్ చెబుతుంది. ముందు కేసు పెట్టి రమ్మనే వీలు నిర్వాహకులకు లేదు. రాముడు విభీషణుడి విషయంలో పాటించిన వరుస ఇదే. హింస జరుగుతోందని నమ్మినవారెవరైనా రక్షణాధికారికి తెలపవచ్చని, సదుద్దేశంతో తెలిపినవారి మీద ఏ బాధ్యతా ఉండదని నాలుగో సెక్షన్ పక్కింటివారికి కూడా దారి తెరిచింది.

ఆచరణలో సాయం సాధారణంగా 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడంతో మొదలవుతుంది. 2015 ఏప్రిల్ నుంచి అమలవుతున్న సఖి వన్ స్టాప్ సెంటర్లలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొన్నాళ్ల బస ఒకే చోట అందాలన్నది ఉద్దేశం. అక్కడ బస అయిదు రోజుల వరకే. అంతకు మించి అవసరమైతే స్వధార్ గృహాలకు పంపేవారు. కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి పథకం కింద ఇవి ఇప్పుడు శక్తి సదన్‌లయ్యాయి. రక్షణాధికారి గృహహింస నివేదిక రాసి మేజిస్ట్రేటుకు అందజేస్తారు. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ఇచ్చింది.

సఖి కేంద్రానికి చేరిన స్త్రీ చేతిలో తరచూ ఉండేది ఒక కవరు, పక్కన ఒకరిద్దరు పిల్లలు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్కు చాలాసార్లు అత్తింట్లోనే ఉండిపోతాయి. మొదటి రాత్రి ఆమెకు కావలసింది గడియ ఉన్న తలుపు, పిల్లలకు పాలు, ఎవరూ ప్రశ్నలు వేయని కొన్ని గంటలు. కాగితాల పని మర్నాడు మొదలైనా నష్టం లేదు. దెబ్బల ఆనవాళ్లు పోకముందే వైద్య పరీక్ష జరగడం మాత్రం ఆలస్యం చేయకూడని పని.

ఏర్పాట్లు ఉన్నా అక్కడి దాకా వచ్చేవారు తక్కువ. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన 18-49 ఏళ్ల స్త్రీలలో భర్త హింసను ఎప్పుడైనా ఎదుర్కొన్నవారు దేశంలో 29.3 శాతం, తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. ఆ కొద్దిమందీ ఎక్కువగా పుట్టింటివారినే అడిగారు. విదేశాలకు వెళ్లిన తెలుగు స్త్రీలకు పుట్టిల్లు కూడా దూరమే. అమెరికాలో భర్త వీసా మీద ఆధారపడి ఉన్న భార్యకు ఇల్లు విడవడం అంటే దేశంలో ఉండే హక్కునూ పణంగా పెట్టడం కావచ్చు. న్యూజెర్సీలో 1985లో ఏర్పడిన మానవి, కాలిఫోర్నియాలో 1991లో ఏర్పడిన మైత్రి వంటి దక్షిణాసియా స్త్రీల సంస్థలు అందుకే పుట్టాయి.

బదులుగా ఏం కోరవచ్చు

మూడో ప్రశ్నకు జవాబు వెదకడానికి శ్రీవైష్ణవంలోని ప్రపత్తి (శరణాగతి) సిద్ధాంతం పనికొస్తుంది. రామానుజుల తరవాత ఈ సంప్రదాయం రెండు పాయలైంది. కోతిపిల్ల తల్లిని గట్టిగా కరుచుకున్నట్టు జీవుడి వైపు నుంచి కొంత ప్రయత్నం ఉండాలని వేదాంతదేశికుల పాయ అంటుంది. పిల్లి తన కూనను నోట కరుచుకుపోయినట్టు భారమంతా భగవంతుడిదేనని పిళ్లై లోకాచార్యుల పాయ అంటుంది. రెండు పాయలకూ ఒప్పుదలైన సంగతి ఒకటుంది. వేరే ఉపాయం లేకపోవడం, వేరే గతి లేకపోవడం శరణాగతికి అర్హతలు. ఆ నిస్సహాయతను ఒప్పుకుని జీవుడు తన భారాన్ని పూర్తిగా అప్పగిస్తాడు.

దేవుడి విషయంలో అర్హత అయిన ఈ స్థితి, మనుషుల మధ్య ఆశ్రయంలో పోగొట్టవలసిన దుస్థితి. హింసించే భర్త మొదట చేసేది భార్యకు వేరే గతి లేకుండా చేయడమే. జీతం లాక్కుంటాడు, ఫోన్ తీసుకుంటాడు, పుట్టింటికి రాకపోకలు తెంచుతాడు. ఆశ్రయ గృహం కూడా అదే నిస్సహాయతను ఆధారం చేసుకుని లొంగుబాటు కోరితే, ఆమె ఒక యజమాని దగ్గరి నుంచి మరో యజమాని దగ్గరికి చేరినట్టే. సంపూర్ణ శరణాగతి దోషం లేని దైవానికి తగినది. వార్డెనుకో, ట్రస్టుకో, మఠానికో, ప్రభుత్వానికో అది తగదు. మనుషులు ఇచ్చే ఆశ్రయం కోతిపిల్ల పక్షాన నిలవాలి. పట్టు ఆమె చేతిలో ఉండాలి, ఎప్పుడు వదలాలన్న నిర్ణయం కూడా ఆమెదే కావాలి.

ఈ కొలతతో చూస్తే ఆశ్రయ గృహాల నియమాల్లో ఏది రక్షణో, ఏది పెత్తనమో తేల్చుకోవచ్చు. చిరునామా గోప్యంగా ఉంచడం, వచ్చినవారి వివరాలు గేటు దగ్గర నమోదు చేయడం రక్షణ. ఉద్యోగానికి వెళ్లనివ్వకుండా తాళం వేయడం, ఫోన్ స్వాధీనం చేసుకోవడం, ప్రార్థనకు రావాల్సిందేననడం పెత్తనం. స్వధార్ గృహాల నిబంధనల్లో తల్లితో ఉండగలిగిన మగపిల్లల వయసు 8 ఏళ్లకే పరిమితమై ఉండేది. అది దాటిన కొడుకును బాలల గృహానికి పంపవలసి రావడం వల్ల, కొడుకును విడిచి ఉండలేక దెబ్బలు తినడానికే తిరిగి వెళ్లే తల్లి ఉండేది. నిబంధన రాసినవారి ఉద్దేశం ఏదైనా, దాని మూల్యం ఆమె చెల్లించేది.

కౌన్సెలింగ్ విషయంలో ఈ గీత మరింత పలచన. చట్టం మేజిస్ట్రేటుకు కౌన్సెలింగ్ ఆదేశించే వీలిచ్చింది. ఆమె ఏం కోరుకుంటుందో తేల్చుకోవడానికి తోడ్పడితే అది సేవ. కాపురం నిలబెట్టడమే లక్ష్యంగా, సర్దుకుపోవాలన్న మాటను పెద్దమనుషుల పంచాయితీ నుంచి తెచ్చి కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెడితే అది సుదేష్ణ చేసిన పనే. ఆమె తిరిగి వెళ్లాలనుకోవచ్చు, అదీ ఆమె నిర్ణయమే. వెళ్లి మళ్లీ తలుపు తట్టినప్పుడు వెనకటి నిర్ణయాన్ని ఎత్తిపొడవకుండా తెరవడం కూడా శరణు ఇచ్చేవారి ధర్మం.

ఎవరు కదలాలి

పాత కథలన్నిటిలో కదిలేది బాధితులే. పావురం ఎగిరి వస్తుంది, విభీషణుడు సముద్రం దాటుతాడు, ద్రౌపది సభలోకి పరుగెత్తుతుంది. భయపెట్టినవాడికి తన చోటు వదులుకోవలసి రాదు. శరణాగత ధర్మం ఎంత గొప్పదైనా దానికి ఈ పరిమితి ఉంది. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నను అది అడగదు.

2005 నాటి చట్టం ఆ ప్రశ్న అడిగింది. ఉమ్మడిగా నివసించిన ఇంట్లో స్త్రీకి, ఆస్తిహక్కు ఉన్నా లేకున్నా, నివసించే హక్కు ఉందని 17వ సెక్షన్ అన్నది. ఆమెను బయటికి పంపకూడదని, అవసరమైతే హింసించినవాడే ఇల్లు ఖాళీ చేయాలని ఆదేశించే అధికారం 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అదే స్థాయిలో వేరే వసతి చూపమని, అద్దె కట్టమని కూడా ఆదేశించవచ్చు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు గానీ, 20,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ఇల్లు అత్తమామల పేరున ఉంటే ఆ హక్కు ఉండదన్న పాత తీర్పును సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహుజా కేసులో తోసిపుచ్చింది. అత్తమామల హక్కులను కూడా తూచి చూడాలని, ఈ నివాస హక్కు షరతులు లేనిది కాదని కూడా అదే తీర్పు చెప్పింది.

మొదట వేసుకున్న మూడు ప్రశ్నలకు జవాబులు ఈ వరుసలో కుదురుతాయి. హింస ఉన్న ఇంటిని విడవడం అధర్మం కాదు. అయితే ఆమెను విడవక తప్పని స్థితికి నెట్టడం అధర్మం, కాబట్టి మొదటి ఆశ్రయం ఆమె ఇల్లే కావాలి, కదలవలసింది హింసించినవాడు. అది కుదరనప్పుడు చోటు ఇవ్వడం పుట్టింటివారికి, ఇరుగుపొరుగుకు, ప్రభుత్వానికి విధి. ఆ విధికి ముందు విచారణ లేదు, ఖర్చు ఇచ్చేవారిది. బదులుగా ఆమె నుంచి విశ్వాసాన్ని, విధేయతను, రాజీని కోరే అధికారం వారిలో ఎవరికీ లేదు. తోటి నివాసుల భద్రతకు అవసరమైన నియమాలు పాటించమని అడగవచ్చు, అంతవరకే.